గంటన్నర పడవ, ఏడాది దాటిన ముఖం

గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి ఒక గృహిణి రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందుకని కుదించి చెబుతున్నాను.

ఆవిడకి 38 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. వాటర్ కలర్స్ సొంతంగా పట్టుబడ్డాయి. తర్వాత రిటైరైన డ్రాయింగ్ మాస్టారి దగ్గర ఆయిల్ పెయింటింగ్ నేర్చుకున్నారు. ఆదివారాలు రేవు దగ్గర కూర్చుని పడవలు, లంకలు, సాయంకాలపు గోదావరి వేస్తారు. ఒక్కో బొమ్మకి గంటన్నర పడుతుంది. 2,500 రూపాయలకి అమ్ముతారు. ఈమధ్య ఒకాయన వెనకాలే నిలబడి మొదట్నుంచి చివరిదాకా చూసి, "గంటన్నర పనికి రెండున్నర వేలా? ఎనిమిది వందలిస్తా" అన్నాడట. ఆవిడ ఇవ్వలేదు గానీ ఇంటికొచ్చి ఏడ్చారు.

అసలు బాధ వేరే ఉంది. నిరుడు మామగారు పోయారు. సంవత్సరీకం నాటికి నాన్నగారిది నాలుగడుగుల ఆయిల్ పెయింటింగ్ వేసివ్వమని హైదరాబాద్‌లో ఉన్న పెద్ద ఆడపడుచు అడిగారు. 40,000 ఇస్తానని, అందులో సగం అడ్వాన్సు పంపారు. పడక కుర్చీ, పంచె, భుజం మీద కండువా, పక్కన చేతికర్ర రెండు నెలల్లో అయిపోయాయి. ముఖం మాత్రం కాలేదు. వేయడం, తుడవడం, మళ్లీ వేయడం. ఒక రాత్రి అన్నం తింటూ భర్త బొమ్మ కేసి చూసి, "అది మా నాన్న నవ్వు కాదు" అన్నారు. అప్పుడు గోడవైపు తిప్పిన కాన్వాస్ ఇప్పటికీ అలాగే ఉంది. సంవత్సరీకానికి ఫోటో పెద్దది చేయించి దండ వేశారు. తోడికోడలు అందరి ముందూ, "బయటివాళ్లకైతే గంటన్నర, ఇంటివాళ్లకైతే ఏడాదైనా కాదు" అంది. ఇప్పుడు ఆడపడుచు కొత్త ఇంటికి మాఘమాసంలో గృహప్రవేశం పెట్టుకున్నారు. "అప్పటికైనా అవుతుందామ్మా?" అని ఫోన్ చేశారు. భర్త ఓదార్పుగానే, "బాపు గారు చకచకా గీసేసేవారు, నువ్వెందుకు అంత టెన్షన్ పడతావ్" అంటున్నారు. "ఒక బొమ్మకి అసలు ఎంత టైమ్ పట్టాలి? నేను నిదానమా, చేతకానిదాన్నా?" అని ఆవిడ అడుగుతున్నారు.

అమ్మా,

పై సారాంశంలో మీ ఉత్తరంలోని ఒక వాక్యం కావాలనే వదిలేశాను. డబ్బు సంగతి రాస్తూ మధ్యలో మీరు ఇలా అన్నారు: "ఉన్నది పెన్షన్ పుస్తకం కోసం తీయించుకున్న ఫోటో ఒక్కటే, అందులో ఆయన నవ్వరు." నాకు ఉత్తరమంతటిలో ముఖ్యమైన వాక్యం ఇదే. మీ వారు అడుగుతున్నది నవ్వు. మీ ముందున్నది బిగించిన పెదాల పాస్‌పోర్ట్ ఫోటో. లేని నవ్వుని మీరు ఏడాదిగా ఊహించి తెస్తున్నారు. తెచ్చిన ప్రతిసారీ ఆ ముఖాన్ని నలభై ఏళ్లు చూసిన మనిషి పక్కనుంచి వచ్చి కాదంటున్నారు. దీన్ని నిదానం అనరు. కుర్చీ, కర్ర, కండువా ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి, చూసి వేశారు కాబట్టి రెండు నెలల్లో అయ్యాయి. ముఖానికి చూసి వేయడానికి ఏమీ లేదు.

ఇక ఎంత టైమ్ పట్టాలి అన్న ప్రశ్న. దీనికి కొలత ఉంటే ఎప్పుడో ఎవరో చెప్పేసేవారు. ఫ్రాన్స్‌లో సెజాన్ అనే చిత్రకారుడు 1899లో వొల్లార్ అనే వ్యాపారి బొమ్మ వేశాడు. తనని 115 సార్లు కూర్చోబెట్టాడని వొల్లారే రాసుకున్నాడు. అన్నిసార్లు కూర్చోబెట్టి కూడా బొమ్మ పూర్తి కాలేదని వదిలేశాడు. చొక్కా ముందు భాగం మాత్రం ఫర్వాలేదన్నాడట. మీకు కండువా బాగా కుదిరింది, ముఖం కుదరలేదు. ఆయనా ఇంచుమించు అక్కడే ఆగాడు. ఆ బొమ్మ ఈనాడు గొప్ప పోర్ట్రెయిట్లలో ఒకటి. అయితే వొల్లార్‌కి గృహప్రవేశం లేదు, సెజాన్‌కి డబ్బు ఇబ్బంది లేదు. మీకు ఆ వెసులుబాటు లేదని నాకు తెలుసు.

ఇంకో మాట. ఏడాది పట్టిందని మీరూ అంటున్నారు, తోడికోడలూ అంటున్నారు. ఆ ఏడాదిలో మీ చెయ్యి పనిచేసింది ఎంత? శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లని చూడండి. గుడ్డని కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఎండేస్తారు. నల్ల గీతకి కావలసిన కసిం కోసం ఇనుప ముక్కల్ని, బెల్లాన్ని నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. పటిక పూసి ఆగాలి, ఉడికించాలి, పారే నీళ్లలో జాడించాలి, మళ్లీ ఆరాలి, అప్పుడు ఇంకో రంగు. ఒక పెద్ద గుడ్డకి నెలలు పట్టిందంటే అందులో ఎండకీ నీళ్లకీ పోయిన రోజులే చాలా. ఆ రోజుల్ని చూపించి కళాకారుణ్ణి సోమరి అని ఎవరూ అనరు. నూనె రంగులూ అంతే. ఒక పూత మీద ఇంకోటి వేయాలంటే కిందది ఆరాలి. అంబర్ లాంటి మట్టి రంగులు త్వరగా ఆరతాయి, టైటానియం తెలుపు వారం పది రోజులైనా జిడ్డుగానే ఉంటుంది. మీ ఊళ్లో వానాకాలం తేమకి ఇంకా ఆలస్యం. ఇదంతా మీరు ఇంట్లో చెప్పలేదు. వాళ్లకి కనిపించేది పొద్దున్నా సాయంత్రం ఒకేలా ఉన్న కాన్వాస్. ఆరే రోజులు తీసేస్తే, గోడవైపు తిప్పి పెట్టిన నెలలు తీసేస్తే, మీరు నిజంగా బ్రష్ పట్టుకుని కూర్చున్న గంటలు ఎన్నో కాగితం మీద రాయండి. నా అంచనా, ఏడాది మాట మీకే తేలిపోతుంది.

మీ వారి బాపు గారి మాట గురించి. ఆయన గీత ఒక్క ఊపులో పడినట్టే కనిపిస్తుంది, నిజమే. చిన్నతనం నుంచి ఎనభై ఏళ్ల వయసు దాకా గీసిన చెయ్యి అది. పైగా మీ వారు ఇంకు గీతని నూనె రంగుల ముఖంతో పోలుస్తున్నారు. పడవల దగ్గర మీరూ చకచకా వేస్తున్నారుగా! అక్కడ మీ చెయ్యికి భయం లేదు. గోదావరి వచ్చి "అది నేను కాదు" అనదు కదా.

రేవు దగ్గర బేరమాడిన పెద్దమనిషికి దాదాపు నూట యాభై ఏళ్ల కిందట లండన్ కోర్టులో జవాబు దొరికింది. థేమ్స్ ఒడ్డున చీకట్లో బాణాసంచా రవ్వలు రాలడాన్ని విస్లర్ అనే ఆయన బొమ్మ వేసి 200 గినీలు, అంటే 210 పౌండ్లు, ధర పెట్టాడు. జనం ముఖాన రంగు డబ్బా విసిరికొట్టి డబ్బు అడుగుతున్నాడని రస్కిన్ అనే పెద్ద విమర్శకుడు రాశాడు. విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో విచారణ. రెండు రోజుల పనికి ఇంత ధరా అని అవతలి లాయర్ అడిగితే, జీవితమంతా పనిచేసి సంపాదించిన జ్ఞానానికి అడుగుతున్నానని విస్లర్ జవాబిచ్చాడు. చిత్రకారులందరికీ ఇష్టమైన కథ ఇది. కాకపోతే కథ అక్కడితో ఆపేస్తారు. కోర్టు విస్లర్‌నే గెలిపించి పరిహారం కింద ఒక ఫార్దింగ్ ఇచ్చింది, పెన్నీలో నాలుగో వంతు. ఖర్చులు మీద పడి మరుసటి ఏడాది ఆయన దివాలా తీశాడు. అందుకే రేవు దగ్గర వాదన పెట్టుకోవద్దంటాను. అక్కడ రెండు దారులున్నాయి. బొమ్మ సైజుని బట్టి ధర రాసి పక్కన అట్ట పెట్టుకోండి, బేరమాడేవాళ్లు కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి. లేదా అక్కడ వేయడం మాత్రమే చేయండి, అమ్మేవి ఇంటి దగ్గరో ఫోన్లోనో చూపించండి. గంట లెక్క ఎవరికీ తెలియదు, కానీ రేవులో నిలబడి ముచ్చటపడి కొనేవాళ్లు పోతారు. నేనైతే అట్ట పెట్టుకుంటాను.

రాజమండ్రిలో దామెర్ల రామారావు గారి గ్యాలరీ మీకు దూరం కాదు, ఒకసారి వెళ్లండి. ముప్ఫై ఏళ్లు నిండకుండానే 1925లో పోయిన మనిషి బొమ్మలవి. ఏది ఎన్ని రోజుల్లో వేశారో చూసేవాళ్లకి తట్టదు, తట్టినా ఏ తేడా ఉండదు.

ఇంతవరకూ మీ వైపు మాట్లాడాను. ఇప్పుడు వదిన గారి వైపు. బొమ్మకి ఎంత కాలమైనా పట్టొచ్చు గానీ, ఒప్పుకున్న మాటకి గడువు ఉంటుంది. 1483 ఏప్రిల్‌లో మిలాన్‌లో ఒక భక్త సంఘం తమ గుడి పీఠానికి మేరీమాత చిత్రం వేయమని లియొనార్డో డావించీతో, మరో ఇద్దరితో ఒప్పందం రాసుకుంది. డిసెంబర్ 8న వాళ్ల పండగ, ఆ లోపు కావాలి. అది కాలేదు. డబ్బు తగాదా మొదలై, సాగి సాగి 1508కి గానీ తేలలేదు. చివరికి ఒకే చిత్రం రెండు ప్రతులై ఒకటి పారిస్‌లో, ఇంకోటి లండన్‌లో ఉన్నాయి. అంతటివాడే ఆలస్యం చేశాడని మీరు ఊరట పడటానికి ఇది చెప్పడం లేదు. పండగ నాడు పీఠం ఖాళీగా చూసినవాళ్ల బాధ కూడా న్యాయమైనదే. తండ్రి సంవత్సరీకం నాడు మీ వదిన గారు బొమ్మ ఉంటుందనుకున్న గోడకి ఫోటో వేలాడదీశారు. అయినా ఆవిడ ఫోన్లో ఒక్క పరుషమైన మాట అనలేదని మీరే రాశారు. మీరు ఆవిడకి బాకీ పడ్డది బొమ్మ ఒక్కటే కాదు, ఎందుకు కాలేదో చెప్పడం కూడా. ఏడాదిగా "అవుతోంది వదినా" అన్నారే తప్ప ఫోటో సంగతి ఆవిడకి తెలియదు. తెలిస్తే ఆవిడ దగ్గర ఏ పెళ్లి ఆల్బమ్ ఉందో, మనవల ఫోన్లో ఏ వీడియో ఉందో ఎవరికి తెలుసు?

ఇక మీరు చేయగలిగినవి.

ఫోటోలో ఉన్న ముఖాన్నే వేసి ఇచ్చేయొచ్చు. నవ్వు లేకుండా, ఉన్నదున్నట్టు, దసరా నాటికల్లా. గంభీరంగా ఉంటుంది. మీ వారు పెదవి విరుస్తారు, వదిన గారికి నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. కానీ బొమ్మ మీ ఇంటి గోడ వదిలి వెళ్తుంది, మీ తల మీది బరువు దిగుతుంది. పోయినవాళ్ల బొమ్మ మొదట ఎవరికీ సరిగ్గా అనిపించదు. కొన్నాళ్లకి ఆ బొమ్మే వాళ్ల జ్ఞాపకంలో కూర్చుంటుంది. నచ్చకపోతే మాత్రం ఆ గోడ మీది బొమ్మని ప్రతి పండక్కీ మీరు చూడాలి, దానికి సిద్ధపడాలి.

అడ్వాన్సు వెనక్కివ్వొచ్చు. బయటివాళ్లయితే ఇది అన్నిటికన్నా తేలిక. కుటుంబంలో డబ్బు తిరిగొస్తే పోట్లాట అనుకుంటారు. ఫోన్‌పే చేసి ఊరుకుంటే ఆ రాత్రే మీ వారికి ఫోన్ వస్తుంది. ఇవ్వాలనుకుంటే మనిషి వెళ్లాలి, పక్కన కూర్చుని చెప్పాలి. లాభం ఏంటంటే, గడువు లేని ఆ కాన్వాస్ అప్పుడు మీదే. రెండేళ్ల తర్వాత ముఖం దానంతట అది కుదరొచ్చు. నష్టం, మళ్లీ ఇంట్లో ఎవరూ మిమ్మల్ని అడగరు. అదే కావాలని మీలో ఒక మూల ఉందేమో, ఆలోచించుకోండి.

మీ చెయ్యి ఆడే చోటే వేయొచ్చు. అంటే వాటర్ కలర్‌లో, చిన్నది, మామగారు రేవు మెట్ల మీద కూర్చునో, తల వంచి పేపర్ చదువుతూనో. ముఖం పెద్దగా కనబడక్కర్లేదు. మనిషి భుజాలు, కూర్చునే తీరు చాలు, ఇంటివాళ్లు పోల్చుకుంటారు. ఇది వారం పది రోజుల పని. కానీ వదిన గారు అడిగింది నాలుగడుగులది. ముందే చెప్పి, డబ్బు తగ్గించి తీసుకోవాలి. తోడికోడలు అనేది ఎలాగూ అంటుంది.

కొత్త గడువు పెట్టుకుని అసలు బొమ్మే పూర్తి చేయొచ్చు. మాఘానికి ఇంకా ఐదారు నెలలుంది కాబట్టి టైమ్ చాలు. షరతులున్నాయి. కాన్వాస్ మీద కాదు, కాగితం మీద బొగ్గుతో అసలు సైజులో ముఖం గీయండి, కుదిరేదాకా ఎన్నయినా గీయండి. కుదిరినదాన్ని ఫోటో తీసి వదిన గారికి పంపండి. "ఇదే నాన్న" అని ఆవిడ అన్నాకే రంగు ముట్టుకోండి. ఆవిడే అడిగారు కాబట్టి ఒప్పుకోవాల్సింది ఆవిడే. మీ వారికి, పూర్తయ్యేదాకా చూడొద్దని ప్రేమగానే చెప్పండి. ఆ మాట వాళ్ల నాన్న మీద బెంగతో అన్నదే, మీ పనిని తప్పుపట్టడానికి అన్నది కాదు. అయినా అన్నం దగ్గర ఒక్క మాట ఆర్నెల్ల పని తినేసింది. ఈ దారిలో కొన్ని ఆదివారాలు పడవలు మానాలి, ఆ రాబడి పోతుంది. ఈసారి గడువు తప్పితే మూడోది అడగడానికి ముఖం ఉండదు.

నా మొగ్గు ఈ చివరిదానికే. కాకపోతే వదిన గారి దగ్గరా, చుట్టాల దగ్గరా నవ్వుతున్న ఫోటో ఒక్కటి కూడా దొరకకపోతే మొగ్గు మార్చుకుంటాను. అప్పుడు వాటర్ కలరో, నవ్వని ముఖమో. లేని నవ్వు కోసం ఇంకో ఆర్నెల్లు పెట్టొద్దు. కాబట్టి ఏది ఎంచుకున్నా మొదట చేయాల్సింది ఒకటే ఫోన్. "వదినా, మామగారి ముఖం నాకు కుదరట్లేదు. నా దగ్గరున్న ఫోటోలో ఆయన నవ్వట్లేదు. నీ దగ్గర వేరేది ఉందా? ఆయన్ని నువ్వు ఎలా చూడాలనుకుంటున్నావు?" ఇంతే. క్షమాపణల చిట్టా విప్పొద్దు. తండ్రి గురించి అడిగితే కూతుళ్లు కోపం మర్చిపోయి మాట్లాడతారు. పెన్ను కాగితం దగ్గర పెట్టుకోండి.

అసలు బొమ్మే పూర్తి చేయాలనుకుంటే పనికొచ్చే నాలుగు మాటలు. ముందు కాన్వాస్‌ని గోడ నుంచి ఇటు తిప్పండి. చీకట్లో ఉంటే నూనె పసుపెక్కుతుంది. కిటికీ దగ్గర నేరుగా ఎండ పడని వెలుతురులో కొన్ని వారాలు ఉంచితే చాలావరకు విరుగుతుంది. ముఖం దగ్గర పాత పూతలు గట్లు కట్టి ఉంటాయి. అవి బాగా ఆరాక తడి చేసి సన్న ఎమెరీ కాగితంతో సాపు చేయండి, పొడి ముక్కులోకి పోకుండా చూసుకోండి. కింద పూత అంబర్‌తో పల్చగా వేస్తే త్వరగా ఆరుతుంది. పై పూతల్లో నూనె పాలు పెంచుకుంటూ వెళ్లండి, తలకిందులు చేస్తే పగుళ్లిస్తుంది. బొగ్గు గీతలో ముఖం దొరికాక రంగు నాలుగైదు కూర్చోడాల్లో అయిపోవాలి, అంతకు మించి సాగుతోందంటే గీత దగ్గరికి వెనక్కి వెళ్లండి.

కార్తీకం వెళ్లేలోపు ముఖం అయితే, మాఘానికి తాకితే అంటకుండా ఉంటుంది. వార్నిష్ మాత్రం అప్పుడే వద్దు, ఆర్నెల్లు ఆగాలి. వేసవి సెలవుల్లో వచ్చి వేస్తానని వదిన గారికి ఇప్పుడే చెప్పండి. గృహప్రవేశం నాడు హోమం జరిగే గదిలో బొమ్మ పెట్టనివ్వకండి, పచ్చి రంగు పొగని పట్టేస్తుంది. ఇంకోటి. దీనికి అద్దం ఉండదు. పెద్దవాళ్లు అలవాటుగా వచ్చి నుదుటి మీద గంధం, కుంకుమ పెట్టేస్తారు. ఫ్రేముకి పెట్టమని ముందే చెప్పి, ఆ గదిలో మీ వారిని నిలబెట్టండి.